పిడికెడు గింజలు, సంఘం లెక్కలు: తెలుగు క్రైస్తవ సమాజంలో గృహనిర్వాహకత్వం, 1866–1947

పరిచయం

'గృహనిర్వాహకత్వం' అనే మాట మీలో కొందరికి కొత్తగా అనిపించవచ్చు. చర్చికి వెళ్ళే తెలుగువారికి ఇది తరచుగా వినిపించే మాట. యజమాని ఇంటి వ్యవహారాలు చూసే ఉద్యోగిని తెలుగు బైబిలు 'గృహనిర్వాహకుడు' అంటుంది. మన పల్లెల భాషలో చెప్పాలంటే పెద్ద కమతంలో లెక్కలు రాసే గుమాస్తా వంటివాడు. ధాన్యమంతా అతని చేతి మీదుగానే పోతుంది, గాదె తాళంచెవి అతని మొలకే ఉంటుంది, కాని అందులో ఒక్క గింజ కూడా అతనిది కాదు. ఏదో ఒకరోజు లెక్క అప్పజెప్పాలి. డబ్బుతో, పొలంతో, తెలివితేటలతో, కాలంతో మనిషికి ఉన్న సంబంధం ఇలాంటిదేనని క్రైస్తవ బోధ చెబుతుంది.

దీనికి తోడుగా వచ్చే మరో మాట 'తలాంతు'. ఇది గ్రీకు నుంచి వచ్చిన తూకం పేరు. ఒక తలాంతు వెండి అంటే సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం కూలివాని ఒకరోజు కూలి. కాబట్టి ఒక్క తలాంతు దాదాపు ఇరవై ఏళ్ళ రెక్కల కష్టంతో సమానం. మత్తయి సువార్తలోని ఉపమానంలో యజమాని ప్రయాణమైపోతూ దాసులకు అప్పగించినవి ఇంత పెద్ద మొత్తాలు. ఆ ఉపమానం ప్రభావం వల్లనే ఇంగ్లీషులో 'టాలెంట్' అనే మాటకు ప్రతిభ అనే అర్థం వచ్చింది. తెలుగు క్రైస్తవులు కూడా 'ఆ అమ్మాయికి పాడే తలాంతు ఉంది' అంటారు. ఒక తూకపు రాయి మనిషి నేర్పుకు పేరుగా మారిన ఈ మార్పు భాషాశాస్త్ర విద్యార్థులకు కూడా ఆసక్తి కలిగించేదే.

ఈ పాఠంలో మన ప్రశ్న మతసిద్ధాంతం మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన పాలేర్లు, కూలీలు. తన పేర సెంటు భూమి కూడా లేని పాలేరుతో 'నీ ఆస్తికి నువ్వు నిర్వాహకుడివి మాత్రమే' అని చెప్పడంలో అర్థం ఏమిటి? అతడు ఆ మాటను ఎలా తీసుకున్నాడు? దాని వల్ల అతని సాంఘిక స్థితిలో ఏమైనా మారిందా? చరిత్రకారులు చాలాకాలం ఈ ప్రశ్నను పట్టించుకోలేదు. మిషన్ల చరిత్ర అంటే విదేశీ దాతల చరిత్రే అన్న అలవాటు మనలో బలంగా పాతుకుపోయింది.

ఐరోపా నేపథ్యం

ఐరోపాలో 'దశమ భాగం' చాలా శతాబ్దాలపాటు విశ్వాసి మనసారా ఇచ్చే కానుకగా లేదు. అది పన్ను. ఎనిమిదో శతాబ్దిలో ఫ్రాంకుల రాజ్యం దానికి చట్టబద్ధత కల్పించింది. పంటలో పదో వంతును రైతు, ఇష్టమున్నా లేకున్నా, చర్చికి కొలవవలసిందే. ఫ్రెంచి విప్లవకారులు 1789 ఆగస్టులో రద్దుకు పూనుకున్న పాత హక్కులలో ఇదీ ఒకటి. ఇంగ్లండులో 1836 చట్టం ధాన్యరూపంలోని దశమ భాగాన్ని డబ్బు చెల్లింపుగా మార్చింది. మిగిలిన అవశేషాన్ని తొలగించడానికి 1936 చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

స్వచ్ఛందంగా ఇవ్వడం అనే భావం బలపడింది మరో దారిలో. జాన్ వెస్లీ 1760లో ప్రచురించిన 'ధనాన్ని ఉపయోగించుట' అనే ప్రసంగం అందులో ప్రధానమైనది. సంపాదించు, పొదుపు చెయ్యి, ఇవ్వు అన్న మూడు సూత్రాల చుట్టూ ఆయన వాదన నడుస్తుంది. అయితే మొదటి సూత్రానికి ఆయన పెట్టిన హద్దులు మనం సాధారణంగా మరచిపోతాం. తన ఆరోగ్యానికి గాని పొరుగువాని బతుకుకు గాని హాని చేసే సంపాదన వద్దని, సారాయి వ్యాపారాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపి మరీ అన్నాడు. ఈ హద్దులను విడిచిపెట్టి మూడు మాటలను మాత్రమే గోడమీద రాసుకునేవారిని చూస్తే వెస్లీ ఏమనేవాడో!

మన దేశానికి సంబంధించినంతవరకు మరో పేరు ముఖ్యం. లండన్‌లోని చర్చి మిషనరీ సొసైటీకి 1841 నుంచి 1872 దాకా కార్యదర్శిగా ఉన్న హెన్రీ వెన్. కొత్త దేశాల్లోని సంఘాలు తమ ఖర్చు తామే భరించాలి, తమ పాలన తామే చూసుకోవాలి, తమ బోధ తామే విస్తరించుకోవాలి అన్నది ఆయన విధానం. అమెరికాలో రూఫస్ ఆండర్సన్ కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు. ఇందులో ఆదర్శమూ ఉంది, ఖజానా లెక్కా ఉంది. విదేశీ సొసైటీకి డబ్బు ఎంతకాలమని వస్తుంది? కాగితం మీద అందరూ ఒప్పుకున్న ఈ విధానాన్ని అమలు చేయబోయేసరికి ఒక చిక్కు ఎదురైంది. జీతం ఇచ్చే చేయి పెత్తనాన్ని అంత తేలిగ్గా వదులుకోదు.

ఒంగోలు అనుభవం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ ప్రాంతపు మాదిగలలో ఎర్రగుంట్ల పేరయ్య వంటి పెద్దలు తొలి విశ్వాసులు. పేరయ్య అంతకుముందే ఒక యోగ సంప్రదాయంలో గురుస్థానంలో ఉన్నవాడు. ఇది గమనించదగిన విషయం. గురువు వస్తే అన్నం పెట్టడం, పంటవేళ గింజలు కొలవడం ఆ పల్లెలకు ముందునుంచే అలవాటు. కొత్త బోధకుడికీ అదే పద్ధతిలో పెట్టారు. నెల జీతం అనే పద్ధతి తరువాత మిషన్ కార్యాలయం నుంచి వచ్చింది. క్లౌ జీవితకథను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1914లో పుస్తకంగా తెచ్చారు. పల్లెల సొంత కట్టుబాట్లను ఆధారం చేసుకోకుండా పడమటి పద్ధతులను తెచ్చిపెట్టడం వల్ల ఎదురైన ఇబ్బందులు అందులో కనిపిస్తాయి. సంఘం స్వయంపోషకం కావాలని చెప్పినవారే, తెలియక కావచ్చు, ఉన్న స్వయంపోషణను కొంత దెబ్బతీశారన్నది నా అభిప్రాయం.

1876–78 కరువు మీకు తెలుసు. క్లౌ యువకుడిగా అమెరికాలో సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర చోట్ల మేస్త్రీల చేతిలో అవమానాలు, కూలి కోతలు భరించిన అంటరాని కులాలవారు ఆయన శిబిరానికి వచ్చి పని చేసుకొని కూలి తీసుకున్నారు. కరువు నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలన్నీ ఈ సంఖ్య దగ్గర ఆగిపోతాయి. కాని ఆ తరువాతి ప్రశ్న సంఖ్య కన్నా కష్టమైనది. ఇన్ని వేలమంది నిరుపేదల సంఘాలు ఎవరి డబ్బుతో నడవాలి?

కళ్ళంలో చేయి చాచిన మనిషి

ఇక్కడ కొంచెం ఆగి నాటి గ్రామ ఆర్థిక వ్యవస్థను గుర్తుచేసుకోండి. మాల, మాదిగ కుటుంబాలకు నగదు కూలి అరుదు. చెప్పులు, మోట తోళ్ళు, నేత, కాపలా, చావు కబురు మోయడం వంటి పనులకు ప్రతిఫలంగా పంట నూర్చినప్పుడు కళ్ళంలో 'మేర' కొలిచేవారు. అది హక్కే. అయినా దాన్ని అందుకునే తీరులో హక్కు కనిపించదు. రైతు కొలిచినంత కొలుస్తాడు, ఇతను దూరంగా నిలబడి గోనె పట్టుకుంటాడు. నిజాం రాజ్యంలో దీనికి వెట్టి తోడైంది. దొరకు, పటేలుకు, పట్వారీకి, వచ్చిపోయే అధికారికి ఊరికే చాకిరీ చేయాలి. పండుగకో పెళ్ళికో దొర గడిలోకి కానుకలు మోయాలి. 'కానుక' అన్న మాట ఆ మనిషికి తెలియనిది కాదు. బలవంతంగా గుంజుకునేదాన్ని కూడా ఆ మాటతోనే పిలిచేవారు.

కాబట్టి 'ఇవ్వండి' అన్న పిలుపు ఆ గూడేనికి రెండు రకాలుగా వినిపించే వీలుంది. ఒకటి, మరో దొర వచ్చాడని. రెండోది, జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను ఇచ్చేవాడిగా చూస్తున్నారని. ఏ ఊళ్ళో ఎలా వినిపించిందన్నది ఆ ఊరి ఉపదేశి నడవడిక మీద, లెక్క చెప్పే పద్ధతి మీద ఆధారపడింది.

డోర్నకల్ ప్రయోగం

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో పుట్టారు. తండ్రి గ్రామ గురువు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగిన అజరయ్య 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ పెట్టుకున్న నియమం సూటిగా ఉంటుంది: మనుషులూ మనవాళ్ళే, పెత్తనమూ మనదే, డబ్బూ మన దేశానిదే. వారు ఎంచుకున్న క్షేత్రం తమిళ దేశంలో లేదు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం, సింగరేణి బొగ్గు గనులకు రైలు మార్గం చీలే డోర్నకల్. తమిళ పల్లెల్లో పోగైన చిల్లరతో తెలుగు పల్లెల్లో పని మొదలైందన్నమాట. అజరయ్య స్వయంగా 1909లో అక్కడికి వచ్చి, ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపు ఆయనే. 1945 జనవరి 1న మరణించేదాకా డోర్నకల్‌లోనే ఉన్నారు.

మొదట చిన్నదైన ఆ అధ్యక్షమండలంలో తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా చేరాయి. క్రైస్తవుల సంఖ్య లక్షకు మించింది. వారిలో ఎక్కువమంది పేదలు, నిరక్షరాస్యులు. పేదరికం కారణంగా వారిని ఇచ్చే బాధ్యత నుంచి మినహాయించడానికి అజరయ్య ఒప్పుకోలేదు. ఇచ్చే శక్తి లేదనడం వారి మీద దయ చూపినట్లుండదని, వారిని తక్కువ చేసినట్లవుతుందని ఆయన ఆలోచన. ఈ విషయం మీద ఆయన ఇంగ్లీషులో రాసిన 'క్రిస్టియన్ గివింగ్' అనే చిన్న పుస్తకం ఆయన మరణానంతరం 1950లలో లండన్‌లో తిరిగి అచ్చయి ఇతర దేశాల సంఘాలకు కూడా చేరింది. తెలుగు పాలేర్ల మధ్య పుట్టిన ఆలోచన ఆఫ్రికా గ్రామాల దాకా ప్రయాణించడం మామూలు విషయం కాదు.

డబ్బు లేనివాడు ఏమిస్తాడు? ఈ ప్రశ్నకు పల్లెల దగ్గరే జవాబు ఉంది. కోడి పెట్టిన మొదటి గుడ్డు, చేనులో మొదటి కంకి, గొర్రె ఈనిన పిల్ల, పాదుకు కాసిన గుమ్మడికాయ. కోతకాలపు పండుగనాడు వీటిని బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేసే ఆచారం తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఉంది. పరిశోధక విద్యార్థిగా నేను చూసిన ఒక గ్రామ సంఘం లెక్కల పుస్తకంలో రూపాయలు, అణాలు, పైసల గడుల పక్కన చేత్తో గీసిన మరో గడి ఉండేది. దాని కింద కోళ్ళు, గుడ్లు, జొన్నలు, మిరపకాయలు. అచ్చు పుస్తకంలో లేని ఆ గడిని గీసుకున్న ఉపదేశి ఎవరో గాని, గ్రామీణ ఆర్థిక చరిత్రకు ఆయన చేసిన మేలు పెద్దది.

'తలాంతు' సంగతి కూడా ఇక్కడే వస్తుంది. చదువు, డబ్బు లేనివారికీ మాట ఉంది, పాట ఉంది, తీరిక దొరికిన రాత్రులు ఉన్నాయి. బాప్తిస్మం పొందే ప్రతివ్యక్తీ తన తల మీద చేయి పెట్టుకొని, తాను సాక్ష్యం చెప్పవలసినవాడినని అందరి ముందు ఒప్పుకునే పద్ధతి అజరయ్య పెట్టారు. ఏటా కొన్ని రోజులను ఇరుగుపొరుగు ఊళ్ళకు వెళ్ళి బోధించడానికి కేటాయించేవారు. కూలికి పోతేనే పూట గడిచే మనిషికి రోజు అంటే డబ్బే. ఆ రోజులు కూడా కానుకల లెక్కలోకే వస్తాయి.

పిడికెడు బియ్యం

ఇక స్త్రీల విషయం. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారానికోసారి దాన్ని సంఘానికి చేర్చడం తెలుగు క్రైస్తవ స్త్రీలలో బాగా వ్యాపించిన పద్ధతి. ఇది మన దగ్గర మాత్రమే లేదు. మిజోరంలో 'బుహ్‌ఫాయ్ థామ్' అనే పేరుతో 1910లో మొదలైన ఇలాంటి పద్ధతి ఇప్పటికీ కొనసాగుతూ అక్కడి సంఘాలకు గట్టి ఆదాయమైంది. మన మెట్ట ప్రాంతాల్లో అది బియ్యమే కానక్కరలేదు. జొన్నలు తినే ఇంట్లో జొన్నలే.

ఒక లెక్క వేసి చూడండి. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు అనుకుందాం. రోజుకు రెండుసార్లు పొయ్యి వెలిగితే 100 గ్రాములు. సంవత్సరానికి 36.5 కిలోలు. వంద గడపల పేట అయితే 3,650 కిలోలు, అంటే 36 క్వింటాళ్ళకు పైన. ఒక ఉపదేశి కుటుంబాన్ని పోషించడానికి ఇది చాలును, కొంత మిగులుతుంది కూడా. అయితే ఈ లెక్క కాగితం మీది లెక్క. ఆ ఇళ్ళలో రోజూ రెండుసార్లు పొయ్యి వెలిగేది కాదు. ఎండాకాలంలో పని దొరకని నెలల్లో గంజే దిక్కు. సంఘాల ఆదాయం పంట చేతికొచ్చాక పెరిగి, వేసవిలో పడిపోవడానికి కారణం భక్తి తగ్గడం కాదని మీరు గ్రహించాలి. 1930ల మాంద్యంలో మరో సమస్య వచ్చింది. ధాన్యం ధరలు కూలిపోయాయి. పిడికెడు పిడికెడే, కాని దాన్ని అమ్మితే వచ్చే డబ్బు తగ్గింది. అదే సమయంలో విదేశీ సొసైటీలు కూడా తమ గ్రాంట్లకు కోత పెట్టాయి.

ఈ పద్ధతిలో నాకు ముఖ్యంగా కనిపించేది దాని పరిమాణం కాదు. ఇంటి నగదు మగవాడి చేతిలో ఉంటుంది; కల్లు దుకాణానికో అప్పు వడ్డీకో పోతుంది. కుండలోని గింజల మీద మాత్రం ఆడమనిషికి అధికారం. భర్తను అడగకుండా ఆమె తీయగలిగిన పిడికెడు సంఘం లెక్కలో జమ అయినప్పుడు, ఆమె కూడా చందాదారు అయింది. గూడెపు స్త్రీకి ఊళ్ళోని ఏ వ్యవస్థలోనూ అంతకుముందు లేని స్థానం అది. అయితే ఆ పిడికెడు చివరికి ఎవరి కంచంలో తగ్గింది? మన ఇళ్ళలో చివర తినేది ఎవరో తెలిసినవారికి జవాబు చెప్పనక్కరలేదు.

విమర్శలు

1930లలో సామూహిక మతాంతరీకరణ మీద పెద్ద చర్చ జరిగింది. పేదలు ఐహిక లాభం కోసమే క్రైస్తవంలో చేరుతున్నారని, మిషన్లు వారి నిస్సహాయతను వాడుకుంటున్నాయని గాంధీజీ 'హరిజన్' పత్రికలో పదేపదే విమర్శించారు. అంబేద్కర్ 1935లో హిందూమతాన్ని వదులుతానని ప్రకటించాక ఈ చర్చ ఇంకా వేడెక్కింది. గాంధీజీకి, అజరయ్యకు మధ్య ఈ విషయంలో తీవ్రమైన భేదాభిప్రాయం ఉండేది. అమెరికన్ పరిశోధకుడు వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన అధ్యయనం, ఇలా చేరినవారి ఉద్దేశాలతో పాటు వారి అలవాట్లను, కానుకలను కూడా పరిశీలించింది. అందులో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి.

ఈ వివాదంలో లెక్కల పుస్తకం ఒక సాక్ష్యం అని నేను భావిస్తాను. బడి, ఆసుపత్రి, పాలేరు తరఫున అధికారితో మాట్లాడే మనిషి వంటి లాభాలు ఉన్నమాట నిజం. వాటిని ఆశించి చేరినవారూ ఉన్నారు. పేదవాడు తన మేలు ఆశించడం నేరం కాదు కూడా. కాని లాభం కోసమే చేరినవాడు ఏళ్ళ తరబడి తన గింజల్లోంచి తీసి ఇవ్వడం ఎందుకు? తరతరాలుగా తీసుకునేవాడిగా నిలబెట్టిన సమాజంలో ఇచ్చేవాడిగా నిలబడడం కూడా ఒక లాభమేనని చెప్పవచ్చు. అది గాంధీజీ ఉద్దేశించిన రకం లాభం కాదు.

రెండో విమర్శ లోపలినుంచి వచ్చేది, నా దృష్టిలో ఇంకా బలమైనది. కూలి పెంచమని అడగడం, వెట్టిని ఎదిరించడం, భూమి సంపాదించడం నేర్పకుండా, ఉన్న గింజల్లోనే కొంత ఇమ్మని నేర్పడం ఏం న్యాయం? డోర్నకల్ చుట్టుపక్కల జిల్లాలు 1940లలో వెట్టికి, భూస్వాములకు వ్యతిరేకంగా సాయుధ పోరాటం నడిపిన నేల అని మరచిపోకండి. సంఘం పాలేరుకు ఆత్మగౌరవం ఇచ్చింది, భూమి ఇవ్వలేకపోయింది. గృహనిర్వాహకత్వపు బోధ పేదవాడి పిడికెడును లెక్కించినంత శ్రద్ధగా దొర గాదెను లెక్క అడగలేదు.

ఆస్తుల సంగతి

1939లో ప్రతిష్ఠ అయిన డోర్నకల్ దేవాలయాన్ని వీలైతే చూడండి. గుమ్మటాలు, స్తంభాలు, మండపం వంటి నిర్మాణాలలో హిందూ, ముస్లిం శిల్పరీతులు క్రైస్తవ అవసరానికి ఒదిగాయి. పూర్తి కావడానికి ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఈ అధ్యక్షమండలం అందులో భాగమైంది. మిషన్ల కాలంలో సేకరించిన బడులు, ఆసుపత్రులు, స్థలాలు క్రమంగా భారతీయ ట్రస్టుల కిందికి వచ్చాయి. వెన్ చెప్పిన స్వయంపాలన వచ్చింది, దానితోపాటు కోట్ల విలువైన పట్టణ భూములూ వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో అనేక సంఘాల్లో ఈ ఆస్తుల మీద కోర్టు వ్యాజ్యాలు నడిచాయి, నడుస్తున్నాయి. పిడికెడు బియ్యానికి ప్రతి ఆదివారం లెక్క చదివిన సంఘాలే ఎకరాల లెక్క దగ్గరకు వచ్చేసరికి తడబడడం ఆలోచించవలసిన విషయం. వారాంతపు చందాను గూడెం అంతా కళ్ళారా చూస్తుంది. లీజు పత్రం బీరువాలో ఉంటుంది.

అభ్యాసం

మీ ఊళ్ళో గాని పక్క ఊళ్ళో గాని 1950కి ముందు నుంచి ఉన్న సంఘం ఉంటే, పెద్దల అనుమతి తీసుకొని పాత కానుకల పుస్తకాన్ని చూడండి. మీరు ఏ మతానికి చెందినవారైనా ఫరవాలేదు. గుడి మాన్యం లెక్కలు, దర్గా వక్ఫ్ రికార్డులు దొరికినా ఇదే పద్ధతిలో పరిశీలించవచ్చు. నగదు ఎంత, వస్తువులు ఎంత, ఏ నెలల్లో పెరిగాయి, స్త్రీల పేర్లు విడిగా ఉన్నాయా లేక భర్త పేరు కింద కలిసిపోయాయా, లెక్క చూసి సంతకం చేసినవారు ఎవరు అన్నవి రాసుకోండి. పుస్తకం దొరకకపోతే డెబ్బై ఏళ్ళు దాటిన ఇద్దరు స్త్రీలను విడివిడిగా అడగండి. 'కానుకలు ఎంత ఇచ్చేవారు?' అని అడిగితే 'ఏదో ఉన్నంతలో' అన్న జవాబే వస్తుంది. 'పిడికెడు బియ్యం ఏ కుండలో వేసేవారు, ఎవరు వచ్చి తీసుకెళ్ళేవారు?' అని అడగండి.